ఆ చేప ఎవరిది?

నా మణికట్టు మీది చేప పచ్చబొట్టు పెళ్ళికి రెండేళ్ళ ముందుది. "ఎవరి గుర్తు?" అని మా ఆయన మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. బాగుందని వేయించుకున్నానంటే నమ్మడు.

"ఊరికే ఎవరైనా ఒళ్ళు పొడిపించుకుంటారా?"

ఇక లాభం లేదని ఇవాళ నేనే ఆయన్ని టాటూ షాపుకి లాక్కొచ్చాను. "వేసినాయన్నే అడగండి."

"ఇది వేసింది గుర్తుందా?" అని మా ఆయన అడిగితే, షాపతను చేపని చూడగానే నవ్వాడు.

"గుర్తు లేకపోవడమేంటండీ! వచ్చినవాళ్ళంతా అమ్మ పేరనో, పిల్లల పుట్టినరోజనో ఏదో ఒక కథ చెప్పి మరీ వేయించుకుంటారు. అర్థం పర్థం ఏమీ లేదు, బొమ్మ ముద్దుగా ఉంది, వేసెయ్యండి అన్నది మీ ఆవిడొక్కరే. అందుకే గుర్తుండిపోయారు."

మూడేళ్ళుగా గుండెల మీదున్న కుంపటి దిగినట్టయింది. "విన్నారుగా," అంటూ మా ఆయన వైపు తిరిగాను.

ఆయన రెప్ప వేయకుండా షాపతని మొహంలోకే చూస్తున్నాడు.

మెట్లు దిగుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు, సరిగ్గా చేప మీద.

"ఐదేళ్ళయినా నిన్ను మర్చిపోలేదు, పాపం," అన్నాడు.