మరొకరు చదువుతున్నారు

పొద్దునకల్లా ఒక్క పరిశోధన వ్యాసమైనా చూపించకపోతే, మా సారు నా అంశాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకే నాచారం హాస్టల్ గదిలో, ల్యాప్‌టాప్‌లో కాలేజీ లైబ్రరీ తెరుచుకుని కూర్చున్నాను. వెతకడం ఇంకా నేర్చుకుంటున్నాను. రెండు మాటలు చాలని ఎంతమంది చెప్పినా, మనిషిని అడిగినట్టు పూర్తి వాక్యాలే టైపు చేస్తాను.

“గంత మర్యాద ఏందక్కా? అదేమన్న మీ మేనత్తనా?” నా రూమ్మేట్ హరిచందన తన మంచం మీంచే నా తెర చూసి నవ్వి, దుప్పటి కప్పుకుని అటు తిరిగింది.

‘నాచారంలో రాత్రిపూట వచ్చే వాసన గురించి ఎవరైనా రాసి ఉంటే దయచేసి చూపించండి.’

ఒకే వ్యాసం వచ్చింది. ఒకసారికి ఒక్కరే చదవగలరట. ఇప్పుడు మరొకరు చదువుతున్నారట.

చదివేది ఎక్కడివాళ్లో చూద్దామని తెర పక్కన ‘ప్రాంతం’ అని ఉన్న ఫిల్టర్ నొక్కాను. ఉప్పల్‌లో ఎవరూ లేరు. నాచారంలో ఒకరు. దాని కింద మా హాస్టల్ పేరు. ఆ కింద మా గది నంబరు.

హరిచందన గురక పెడుతోంది. ఆమె మంచం కింద ఎవరో కాగితం తిప్పిన చప్పుడైంది. కాసేపటికి మళ్లీ.

లేచి పారిపోదామంటే తలుపు ఆ మంచం పక్కనే ఉంది. వ్యాసం లేకుండా సారు ముందుకు వెళ్లలేను కూడా. మళ్లీ టైపు చేశాను.

‘మీరు చదవడం అయ్యాక నాకు ఇస్తారా?’

కాగితాల చప్పుడు ఆగింది. హరిచందన గురక కూడా ఆగింది.