ఇరవయ్యో మనిషి

"పురుగులా? బతికున్నవే?" పెద్దావిడ కుర్చీ అంచుకి జరిగింది.

"బతికున్నవేనమ్మా. పది పిల్లపురుగులు. చేతికి పట్టీ వేస్తే చర్మంలోంచి దూరి, చివరికి పేగుల్లో కాపురం పెడతాయి."

ఇలా ఉన్నదున్నట్టు చెప్పి మనుషుల్ని పారదోలుకుంటాడనే పరిశోధనశాలలో అందరూ ఈ కుర్ర డాక్టర్ని 'పురుగుల డాక్టరు' అని ఆటపట్టిస్తారు. ఈ పురుగులతో అలర్జీ తగ్గుతుందేమో చూడాలంటే ఇరవై మంది కావాలి. పందొమ్మిది మంది దొరికారు. గడువు సాయంత్రం అయిదింటికి. ఇంకొక్కరు దొరక్కపోతే రెండేళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

ఆవిడ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. దుమ్ము పడదట.

"ముల్లు గుచ్చుకుంటేనే వాచిపోతుందే, పురుగులు దూరితే ఒళ్ళు ఊరుకుంటుందా?"

"అక్కడే ఉంది వాటి గడుసుతనం. మన రక్షణ కణాలు తరిమెయ్యడానికి బయల్దేరతాయి. ఇవి ఏవో పదార్థాలు వదిలి వాటిని చల్లబరుస్తాయి. ఒంట్లో గొడవలు సర్దే కణాలు కొన్నుంటాయి, వాటి బలం పెంచుతాయి. ఆ ఊపులో దుమ్ము మీద కోపం కూడా తగ్గుతుందేమోనని ఆశ. తగ్గుతుందని మాటివ్వలేను."

"నువ్వు వేయించుకున్నావా బాబూ?"

"అందరికంటే ముందు. దురద పెట్టింది, కడుపునొప్పీ వచ్చింది."

"అయ్యో! మరి వంటెవరు చేసిపెట్టారు?"

"నేనే."

"కోపమొస్తుందా?"

"పురుగుల మీదా?"

"మనుషుల మీద."

"ఆకలేస్తే కాస్త."

పెద్దవాళ్ళ ఆరాలు అతనికి అలవాటే.

నాలుగింటికి నర్సు ఆవిడ రక్తపరీక్ష కాగితం తెచ్చింది. చూడగానే అతని మొహం పాలిపోయింది.

"రక్తం ఉండాల్సినదానికి కాస్తేగా తక్కువ, సరిపోయిందని రాసేద్దాం సార్," నర్సు గొణిగింది.

అతను గడియారం వంక చూశాడు. కాగితం పక్కన పెట్టేశాడు.

"అమ్మా, ఇవి రక్తం తాగే పురుగులు. మీకున్నదే అంతంతమాత్రం. మిమ్మల్ని తీసుకోను."

"నేనొప్పుకున్నాక నీకేం?"

"మీరొప్పుకున్నా మీ రక్తం ఒప్పుకోవట్లేదు."

"మరి నీ పరిశోధన?"

"పోతే పోనివ్వండి," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆవిడ అతన్ని కాసేపు తేరిపార చూసింది. లేచి తలుపు తీసి, "ఏవండీ, ఇలా రండి!" అని కేకేసింది. తలుపంత మనిషి తుమ్ముకుంటూ వచ్చాడు.

"మా ఆయన. ఈయనకి రక్తానికేం లోటు లేదు. చూసుకో."

అతను ఆయనకీ మొదటినుంచీ అంతా చెప్పాడు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ముప్పయ్యేళ్ళు మా ఆవిడతో వేగినవాణ్ణి. పది పురుగులొక లెక్కా?"

అయిదింటికి పది నిమిషాలుందనగా నర్సు పరుగెత్తుకొచ్చింది. "అన్నీ సరిగ్గా ఉన్నాయి సార్!"

ఇరవయ్యో సంతకం పడింది. అతనికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆవిడకి రక్తం పట్టే మాత్రలు రాసి, ఆ చీటీ ఇద్దామని వరండాలోకి వచ్చాడు. ఆవిడ అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది.

"అమ్మడూ, నీ పురుగుల డాక్టరు మాకు నచ్చాడే!"