మూడో మనిషి

“ఇది కక్షిదారు తన వకీలుకు రాసుకున్న ఉత్తరం సాబ్! మొగుడూ పెళ్లాల గుట్టు ఎట్లాగో ఇదీ అట్లాగే. బయటపెట్టమని అడిగే హక్కు ఎవరికీ లేదు.”

హైదరాబాదు నుంచి వచ్చిన వకీలు షేర్వానీ సర్దుకుంటూ నాగర్‌కర్నూలు మున్సిఫ్ కోర్టు కచేరీ అంతా వినబడేట్టు అన్నాడు. ఆయన పక్కన బిజినేపల్లి పల్లీల మిల్లు యజమాని తిమ్మప్ప సేటు. ఎదురుగా, సేటు మీద దావా వేసిన నబీ సాబ్. మిల్లు మిషను అతని చెయ్యి ఒకటి మణికట్టు దాకా నమిలేసింది.

సేటు జవాబు ఒక్కటే. బెల్టు మీద రేకు మూత ఉంది, నబీ సాబే దాన్ని తీసి చెయ్యి పెట్టాడు. అంటే తప్పు చేతిదే.

నబీ సాబ్‌కు వకీలు లేడు. తానే చెప్పుకున్నాడు.

“నా చెయ్యి పోయేనాటికే మూత ఊడి రెండు నెలలైంది సాబ్. ఆ రోజు కూలీలు రాలేదని సేటు నన్ను మిషన్ కాడ నిలబెట్టిండు. మూత లేదు, ఎవనికన్న దెబ్బ తగిల్తే నా మీదికొస్తదా అని అంతకుముందే వకీల్ సాబ్‌ను అడిగిండు. అదంత గా ఉత్తరంల ఉంది. జర చదివియ్యుండ్రి.”

“నీకెట్లా తెలుసు?” అన్నాడు వకీలు.

“తెలుసు సాబ్.”

వకీలు నవ్వి, దావా కాగితం పైకెత్తాడు. “చూడండి సాబ్, సంతకం చోట వేలిముద్ర! ఈయన మనకు ఉర్దూ ఉత్తరం సంగతి చెప్తాడట. అలిఫ్ అక్షరానికీ అగ్గిపుల్లకూ తేడా తెలుసునా ఈయనకు?”

కచేరీ ఘొల్లుమంది. మున్సిఫ్ కూడా మీసం చాటున నవ్వుకున్నాడు. తిమ్మప్ప సేటు ఒక్కడే నవ్వలేదు. వకీలు షేర్వానీ కొస పట్టి గుంజాడు.

“వకీల్ సాబ్, జర ఒక్క మాట...”

“మీరు కూర్చోండి సేట్‌జీ. కానూను నేను చూసుకుంటా.”

అంత దూరం నుంచి తానే పిలిపించుకున్న పెద్దమనిషి. కూర్చోక ఏం చేస్తాడు?

మున్సిఫ్ అడిగాడు. “మూడో మనిషికి తెలిస్తే అది గుట్టెట్లా అవుతుంది?”

“తెలిసిందని తేలితే ఈ ఉత్తరం నా చేత్తో నేనే మీ బల్ల మీద పెడతా సాబ్! సేటు రాశాడు, నేను చదివాను. మధ్యలో మూడో మనిషి నీడ కూడా పడలేదు.”

మున్సిఫ్ ఆ మాట రాయించి, నబీ సాబ్ వైపు తిరిగాడు. సేటు కళ్లు మూసుకున్నాడు.

వెనక నుంచి నబీ సాబ్ భార్య బడేబీ గొణిగింది. “చెప్పేదేదో చెప్పరాదు? ఇంకెంతసేపు నవ్విస్తవు ఆళ్లను?”

నబీ సాబ్ ఒక అడుగు ముందుకేశాడు. “రెండో పుట, మూడో వరుసల రేగుపండంత సిరా మరక ఉంటది సాబ్. చూడుండ్రి.”

వకీలు సంచిలోంచి ఉత్తరం తీసి తిప్పాడు. మరక ఉంది.

“ఎవడు చూపించాడు నీకు?” అని అరిచాడు.

“ఎవ్వరూ చూపియ్యలే సాబ్, సేటుకు ఉర్దూ రాదు గద, ఆయన చెప్తుంటే మిల్లు మున్షీగ నేనే రాసిన, అప్పటికి నాకు కుడిచెయ్యి ఉండె.”