దొంగ ల్యాండింగ్

“నా కంప్యూటర్ ఎవరు ముట్టుకున్నారు?”

గడియారాల మెకానిక్ కేకకు వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందండీ? పాడైందా?”

“పాడైనా బాగుండేది! ఇక్కడ చూడు, ‘సేఫ్ ల్యాండింగ్’ అని ఉంది. నేనెప్పుడు దింపినా విమానం ముక్కు నేలకు కొట్టుకోవాల్సిందే. ఇంత చక్కగా దింపింది నేనైతే కాదు!”

అది రిమోట్‌తో బొమ్మ విమానం ఎగరేయడం నేర్పే సిమ్యులేటర్. అందులో ఎన్నిసార్లు కూల్చినా బటన్ నొక్కితే కొత్త విమానం వచ్చేస్తుంది. బయట అలా రాదు కదా! కిందటేడు సొంతంగా కట్టిన విమానం మొదటిరోజే తునాతునకలైతే, మెకానిక్ నెల్లాళ్ళపాటు షాపు తెరవలేదు. మళ్ళీ ఏడాదంతా కూర్చుని ఇంకోటి కట్టాడు. ఆదివారం దాన్ని ఎగరేయాలి. ఇదీ పోతే ఈ మనిషి మనుషుల్లో పడడని భార్యకు బెంగ.

“ఇది మీ తమ్ముడి పనే. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి నా విమానం మీద కన్నేశాడు.”

“అయ్యో, వాడేం చేశాడండీ పాపం!”

“పాపమా? రేపు తేలుస్తా.”

మర్నాడు రిమోట్‌కి పల్చగా పౌడర్ పూసి షాపుకెళ్ళాడు. సాయంత్రానికి పౌడర్ చెదిరిపోయి ఉంది. బావమరిది వేళ్ళు తెల్లగా ఉన్నాయి.

“దొరికావురా దొంగా!”

“ఇంటర్వ్యూకని మొహానికి పౌడర్ రాసుకున్నా బావా. అదీ నేరమేనా?”

“కథలు చెప్పకు.”

“సరే, నా మాట విను. ఆదివారం, నేర్పేవాళ్ళు పట్టుకునే రెండో రిమోట్, అదే గురువు రిమోట్, అది కూడా కలుపుకో. నీ చెయ్యి తడబడితే రెండోవాళ్ళు అందుకుని దింపేస్తారు.”

“అదిగో, బయటపడ్డావు! ఆ రెండోవాడివి నువ్వేగా? నా విమానం మీద ఇంకొకళ్ళ చెయ్యి పడ్డానికి వీల్లేదు.”

విమానాన్నీ, రిమోట్‌నూ అలమారలో పెట్టి, తాళంచెవి భార్యకిచ్చాడు.

“వాడు కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వకు. అన్నీ నువ్వే సర్దిపెట్టు. ఈ ఇంట్లో నేను నమ్మేది నిన్నొక్కదాన్నే.”

ఆదివారం మైదానంలో బావమరిదిని ఎదురుగా నిలబెట్టాడు.

“నా కళ్ళముందే ఉండు. జేబుల్లోంచి చేతులు తియ్యి!”

ఖర్మరా బాబూ అనుకుంటూ అతను రెండు చేతులూ పైకెత్తాడు.

విమానం లేచింది. చక్కర్లు బాగానే కొట్టింది. తిరిగి తనవైపు వచ్చేటప్పుడే, ఎప్పటిలాగే మెకానిక్‌కి కుడిఎడమలు తారుమారయ్యాయి. విమానం ఓ పక్కకు ఒరిగి నేలమీదికి దూసుకొస్తోంది. అతనికి పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుని రిమోట్ పుల్లను ఎటో లాగేశాడు.

చప్పుడు లేదు. భయంభయంగా కళ్ళు తెరిచాడు. విమానం గడ్డి మీద బుద్ధిగా కూర్చుని ఉంది.

“చూశావురా? చెయ్యి తిరిగినవాడంటే ఇదీ! ఇంకొకళ్ళ సాయం నాకెందుకు?” అంటూ, ఆనందం పట్టలేక ఏడుస్తూ విమానం దగ్గరికి పరుగెత్తాడు.

వెనక నిలబడ్డ భార్య, చేతిలోని గురువు రిమోట్‌ను సంచిలో దాచేసింది.