కీబోర్డులో మిగిలిన బటన్

“వదినా, చివర్లో ఒక బటన్ మిగిలింది. ఏం రాద్దాం?” అన్నాడు సత్యం, పాత రిమోట్ బటన్లతో చేసిన చిన్న కీబోర్డును అన్నయ్య ఫోన్‌కు కలుపుతూ.

చీరలకు ధర వేసే స్టిక్కర్ల మీద నీళ్లు, అన్నం, మాత్ర, నొప్పి అని రాసి అంటిస్తోంది మల్లీశ్వరి.

“దాన్నలా వదిలెయ్. మీ అన్నయ్యకి కావాల్సినవన్నీ వచ్చేశాయి.”

పక్షవాతంతో వేణుగోపాల్‌కు మాట పడిపోయింది. కదిలేది ఎడమచేతి బొటనవేలొక్కటే. మల్లీశ్వరి కీబోర్డును దాని కింద పెట్టింది.

“రేపు పొద్దున్నే మళ్లీ తలకి ఆపరేషనండీ. గుంటూరుకి కారు మాట్లాడాం. ఏం కావాలో నొక్కండి.”

వేలు అన్నిటినీ దాటుకుంటూ వెళ్లి చివరి బటన్ నొక్కింది. ఫోన్ తెర మీద ఏ మాటా పడలేదు.

“అది ఉత్తదే అన్నయ్యా,” అన్నాడు సత్యం.

వేణుగోపాల్ మళ్లీ అదే నొక్కాడు.

మల్లీశ్వరి ఆ బటన్ వంకే చూస్తూ ఉండిపోయింది. ఇంతకుముందు రెండు ఆపరేషన్లకూ సంతకాలు తనే పెట్టింది. ఆయన్ని అడిగినట్టు గుర్తు రాలేదు.

ఇంకో స్టిక్కరు తీసి ‘వద్దు’ అని రాసింది. ఆయనకు చూపించి, ఆ బటన్ మీద అంటించింది.

వేణుగోపాల్ దాన్ని గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

“ఈ మాట ఫోన్‌లోకి ఎక్కించనా వదినా?”

“ఎక్కిద్దువులే. ముందు ఆ కారతనికి రావద్దని చెప్పు.”