డాన్స్ హాలు నేల

ఊళ్లో డాన్స్ హాలు మూయించే దాకా నిద్రపోని పెద్దమనిషి మా అన్నయ్య. మూతపడగానే దాని టేకు పలకలు చవగ్గా కొని ఇంట్లో పరిపించుకున్నాడు. చూడమని నన్నూ అక్కనీ పిలిచాడు.

"దీనిమీద గెంతినదంతా దిక్కూమొక్కూ లేని మంద," అన్నాడు. అక్క వైపు తిరిగి, "అదే నువ్వు చూడు చెల్లాయ్, పెళ్లీ పెటాకులూ లేకపోయినా నర్సు డ్యూటీలతో పరువుగా బతికావు."

అక్క చెప్పులు విడిచి, నల్లటి కణుపున్న పలక మీద ఆగింది.

"అక్కడ గుంట పడింది. అమ్మినవాడు మోసం చేశాడు," అన్నాడు అన్నయ్య.

"మోసం కాదన్నయ్యా, నా మడమ. నా రాత్రి డ్యూటీల్లో సగం దీనిమీదే. నేను జబ్బుపడితే మంచం పక్కన కూర్చున్నది కూడా ఆ మందే. నువ్వు రాలేదు."

మర్నాడు అన్నయ్య ఆ ఒక్క పలకా పీకించి కొత్తది వేయించాడు. పరాయివాళ్లు తొక్కినవి అలాగే ఉంచాడు.