ట్యాంకుకు జ్వరం లేదు

పొద్దున్నే ట్యాంకు కడగాలి, ఫిల్టర్ మార్చాలి, క్లోరిన్ చూడాలి, డయాలసిస్ మిషన్లకు వెళ్లే నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపాలి. టెక్నీషియన్ అన్నీ పూర్తిచేసి వార్డులోకి వచ్చింది.

"అమ్మాయ్, మళ్లీ చలి!" చివరి మంచం పెద్దాయన దుప్పట్లోంచి కేకపెట్టాడు. "ఆ నీళ్ల సంగతి చూడమ్మా."

"మొన్న ఫ్యాను, అంతకుముందు దిండు. ఇవాళ నీళ్ల మీద పడ్డారా?" అంది ఆయన భార్య.

"ఒంట్లో లోలోపల వాపుందని డాక్టరే అన్నాడే! ముద్ద దిగట్లేదు."

"పోయినసారి నీళ్ల రిపోర్టు శుభ్రంగా ఉంది బాబాయ్. ట్యాంకు దగ్గర నేనే పట్టి పంపాను."

"అయితే ఆ ట్యాంకుకే డయాలసిస్ చెయ్యి! నేనున్నది ఈ చివర కదా!"

వార్డంతా నవ్వింది. టెక్నీషియన్ కూడా నవ్వబోయి ఆగిపోయింది. ట్యాంకు నుంచి ఆయన మంచం దాకా గోడ వెంట పాకిన గొట్టాన్ని కళ్లతో కొలిచింది.

డాక్టరుకు చెప్పి ఆయన మంచం దగ్గరి మిషన్ ఆపించింది. ఈసారి పరీక్షకు నీళ్లు అక్కడే, గొట్టం చివర పట్టింది. రిపోర్టులో సూక్ష్మజీవులు బయటపడ్డాయి. లోపల పాచిపట్టిన గొట్టం తీసి కొత్తది వేశారు.

కొన్ని వారాలకు చలి పోయింది, వాపూ తగ్గింది. పెద్దాయన ఇప్పుడు కూరలో ఉప్పు లేదని గోల. భార్య ఆ గోలను మురిపెంగా వింటోంది.

మీరెక్కడైనా నీళ్లు పరీక్షకు పట్టేటప్పుడు, గొట్టం చివర వణికిన ఆ పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.